టీపీఆర్ చార్ట్ గారికి ఒక సిస్టర్ రాయునది

పేషెంట్ల జ్వరం, నాడి, ఊపిరి లెక్కలు రాసిపెట్టుకునే మహారాజశ్రీ టీపీఆర్ చార్ట్ గారి సముఖమునకు, నైట్ డ్యూటీ సిస్టర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ పేషెంట్లు క్షేమమో కాదో ఒక్కొక్కరినీ చూసి చెప్పాలి. మీ దగ్గర మాత్రం అందరూ ఎప్పుడూ క్షేమమే.

మీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ, మీలో అడుగుపెట్టిన ప్రతివారికీ ఊపిరి నిమిషానికి 18. న్యుమోనియాతో వచ్చినా 18, కాలు విరిగి వచ్చినా 18. మరీ విసుగొస్తే 20. పొద్దున్నే డిశ్చార్జి అయి సామాను సర్దుకుని వెళ్లిపోయిన ఒకాయనకు మధ్యాహ్నం రెండింటికి మీలో బీపీ 120/80 ఉంది. ఇంటికెళ్లినా మీరు ఆయన్ని వదల్లేదన్నమాట.

నిజానికి ఊపిరి లెక్కపెట్టడానికి మిషన్ అక్కర్లేదు. సెకన్ల ముల్లున్న వాచీ, ఒక నిండు నిమిషం చాలు. లెక్కపెడుతున్నామని తెలిస్తే పేషెంట్ ఊపిరి తీరే మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్లు మాత్రం ఛాతీ మీద పెట్టమంటారు. మాకు చదువులో నేర్పిన మోసం అదొక్కటే. మిగతావన్నీ మీ దగ్గరే నేర్పుతారు.

మనిషి పరిస్థితి దిగజారుతోందని ముందుగా చెప్పేవాటిలో ఊపిరి వేగం ఒకటి. బీపీ పడిపోయేదాకా ఆగితే చాలాసార్లు ఆలస్యమైపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పదకొండో నంబర్ బెడ్ దగ్గర నిలబడి చూడండి. ముక్కుపుటాలు ఎగురుతుంటాయి. గాలి పీల్చినప్పుడల్లా మెడ కండరాలు బిగుసుకుని భుజాలు పైకి లేస్తాయి. ఏదో అడగబోయిన పెద్దావిడ రెండు మాటలకే ఆగిపోయి ఆయాసపడుతుంది. ఆవిడ కాళ్ల దగ్గర క్లిప్పుకు వేలాడుతూ మీరేమో 18 అంటారు. రెండింటిదే కాదు, ఆరింటిది కూడా అప్పటికే 18!

ఇలాంటిది బయటపడినప్పుడల్లా పైవాళ్లు నైతిక విలువలు పడిపోయాయని బాధపడి ఎథిక్స్ క్లాసు పెడతారు. రాత్రంతా నిలబడి డ్యూటీ దిగినవాళ్లనే కూర్చోబెట్టి, నర్సింగ్‌కు దారి చూపిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట ఉన్న ప్రతిజ్ఞ చెప్పిస్తారు. (అది నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సు ఆధ్వర్యంలో ఒక కమిటీ రాసింది.) నైటింగేల్‌ని దీపం చేతికిచ్చి గోడకెక్కించాం గానీ, ఆవిడ అసలు పని లెక్కలు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే ఆపగలిగిన రోగాలతోనే ఎక్కువమంది పోయారని పట్టికలు గీసి పెద్దల ముందు పెట్టింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలైంది. ఆ క్లాసులో ఆవిడ కూర్చుని ఉంటే ముందు డ్యూటీ లిస్టు అడిగేది.

మనమూ లెక్క వేద్దాం. 30 మంది పేషెంట్లు, ఒక సిస్టర్. జ్వరం, నాడి, ఊపిరి, బీపీ నిజంగా చూసి రాస్తే మనిషికి 5 నిమిషాలు. మొత్తం 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. నాలుగు గంటలకోసారి చూడాలి. మిగిలిన గంటన్నరలో ఇంజెక్షన్లు, సెలైన్లు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సినవాళ్లు, కొత్త అడ్మిషన్, ఇద్దరు కలిసి సరిచూడాల్సిన ఇన్సులిన్. ఆ రెండో సిస్టర్ ఎవరో చెబితే పరిచయం చేసుకుంటాను.

చేయాల్సింది తెలిసి కూడా సంస్థ చేయనివ్వనప్పుడు పడే ఈ బాధకు 1984లోనే ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త ‘మోరల్ డిస్ట్రెస్’ అని పేరు పెట్టాడు. మా వార్డులో దాన్ని ‘అడ్జస్ట్ అవ్వండి సిస్టర్’ అంటారు.

అలాగని మావాళ్లను వెనకేసుకు రావడం లేదు. తీరిక లేక చూడలేకపోవడం వేరు, చూడకుండా 18 రాయడం వేరు. చూడలేదని తెలిస్తే సిబ్బంది చాలడం లేదని తేలుతుంది. 18 రాసేస్తే ఆ కొరతను మా చేతిరాతే కప్పేస్తుంది. ఒక్క గడీ ఖాళీగా లేదు కాబట్టి, ఒక్క సిస్టర్‌తో వార్డు బ్రహ్మాండంగా నడుస్తోందని మీటింగులో చెప్పుకోవడానికి మీరే సాక్ష్యం. రేపు పదకొండో బెడ్ వాళ్లు కోర్టుకెళితే, అక్కడా మీరే సాక్ష్యం. అప్పుడు మెడకు చుట్టుకునేది మాకు. సంతకం మాదే కదా!

ఇంకో సంగతి. మీలో తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, ఒక్క గీత కొట్టి టైమ్ వేసి సంతకం పెట్టాలి. ఆలస్యంగా రాస్తే లేట్ ఎంట్రీ అని రాయాలి. తప్పుకీ ఆలస్యానికీ ఇంత మర్యాద ఇచ్చే మీరు, చూడలేకపోయామని చెప్పుకోవడానికి మాత్రం వేలెడంత చోటు ఇవ్వలేదు.

అందుకే ఒక రాత్రి మీ మార్జిన్‌లో రాశాను: ‘చూడలేదు, 30 మందికి ఒక్కదాన్నే’. వెంటనే మెమో వచ్చింది, చార్ట్ అసంపూర్తిగా ఉంది, సంజాయిషీ ఇవ్వమని. సంజాయిషీ రాసి ఉంచాను. దానికి జతచేయడానికి ఆ రాత్రి డ్యూటీ లిస్టు జిరాక్స్ ఒకటి అడిగితే, అది కాన్ఫిడెన్షియల్ అన్నారు.

ఇట్లు,
మీ నైట్ డ్యూటీ సిస్టర్