బ్యాక్‌డోర్ వద్దు, ముందు తలుపు తెరవండి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులు చూస్తే చాలు, ఐటీలో గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ఒకప్పుడు జావా, తర్వాత టెస్టింగ్, ఆ తర్వాత డేటా సైన్స్. ఇప్పుడు సైబర్ సెక్యూరిటీ. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదంటారు. తీరా గచ్చిబౌలి వైపు దరఖాస్తు పెట్టుకుంటే బీటెక్ ఉందా, అనుభవం ఎన్నేళ్లు అని అడుగుతారు, అదీ ఎంట్రీ లెవెల్ పోస్టుకి! ఫీజు తీసుకునేవాళ్లకి అందరూ పనికొస్తారు, జీతం ఇచ్చేవాళ్లకి ఎవరూ ఆనరు.

నా అభ్యంతరం జీతం ఇచ్చేవాళ్ల మీదే ఎక్కువ. వేరే రంగాల్లో పనిచేసి వచ్చినవాళ్లకి సైబర్ సెక్యూరిటీలో పనికొచ్చే నేర్పు ముందే ఉంటుంది, అది వాళ్లు చూడరు.

2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ సహకార బ్యాంకు నుంచి దాదాపు 12 కోట్ల రూపాయలు కొట్టేశారు. ఉద్యోగులకు పంపిన ఫిషింగ్ మెయిళ్లతో, అంటే నమ్మించి మోసం చేసే దొంగ మెయిళ్లతో, లోపలికి దూరారు. కొన్ని ఖాతాల్లో నిల్వలు పెంచి, అక్కడి నుంచి వందకు పైగా ఖాతాలకు మళ్లించారు. ఇందులో ఫైర్‌వాల్, పాస్‌వర్డుల సంగతి ఇంజినీర్లది. కానీ వేలల్లో నడిచే ఖాతాలోకి హఠాత్తుగా కోట్లు వచ్చిపడితే అనుమానం రావడానికి కోడింగ్ అక్కర్లేదు. పదేళ్లు కౌంటర్‌లో కూర్చున్న మనిషికి అది చూడగానే గుండె ఝల్లుమంటుంది.

సాక్‌లో (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్), అంటే కంపెనీ కంప్యూటర్ల నుంచి వచ్చే అలర్ట్‌లు, అంటే ప్రమాద హెచ్చరికలు, రాత్రింబవళ్లు చూసే గదిలో, మొదటి మెట్టు పని కూడా ఇలాంటిదే. రోజంతా అలర్ట్‌లు వస్తూనే ఉంటాయి, చాలావరకు ఉత్తవే. ఏది వదిలేయాలి, దేనికి సీనియర్‌ని నిద్ర లేపాలి అన్నదే తేల్చుకోవాలి. ఐసీయూలో నైట్ డ్యూటీ చేసిన నర్సుకి ఇది కొత్త కాదు. ఏ మెషీన్ ఊరికే అరుస్తోందో, ఏది నిజంగా పిలుస్తోందో ఆమెకు తెలుసు. షిఫ్ట్ మారేటప్పుడు తర్వాతివాళ్లకి అర్థమయ్యేలా నాలుగు ముక్కలు రాసిపెట్టడం అంతకంటే బాగా తెలుసు. మన బీటెక్ పిల్లల్లో చాలామంది తడబడేది సరిగ్గా అక్కడే.

ఆడిట్, నిబంధనల వైపు పని ఇంకా ఉంది. సైబర్ దాడి బయటపడిన 6 గంటల్లోగా తనకు సమాచారం ఇవ్వాలని, లాగ్‌లు (కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అకౌంట్స్, లా చదివినవాళ్లు అల్లుకుపోయే పని ఇది.

అలాగని నెట్‌వర్కింగ్, లైనెక్స్ రాకుండా ఎవరూ నెగ్గుకురాలేరు. ఐపీ అడ్రస్ అంటే ఏంటో తెలియకపోతే అలర్ట్ చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే. మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాములు) విశ్లేషణ లాంటివి మూడు నెలల కోర్సుతో వచ్చేస్తాయని చెప్పడం పచ్చి మోసం. ముప్పై అయిదేళ్ల వయసులో, ఇంటి ఈఎంఐ నెత్తిన పెట్టుకుని, తక్కువ జీతానికి నైట్ షిఫ్ట్‌లో చేరడం అందరివల్లా కాదు కూడా.

దారి లేనప్పుడే జనం ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ల వైపు చూస్తారు. వాటితో దొరికే కొలువుని మన దగ్గర బ్యాక్‌డోర్ జాబ్ అంటారు. సిస్టమ్‌లోకి దొంగలు దూరే రహస్య దారుల్నీ బ్యాక్‌డోర్లనే అంటారు. ఆ బ్యాక్‌డోర్లు మూయాల్సిన ఉద్యోగంలోకి బ్యాక్‌డోర్ నుంచే రావడం!

కంపెనీలు ఆరు నెలలు స్టైపెండ్ ఇచ్చి, ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టి నేర్పించాలి. అసలు ఖర్చు స్టైపెండ్ కాదు, ఆ సీనియర్ సమయం. మేనేజర్లు వెనకాడేదీ దానికే. ఇంటర్వ్యూలో డిగ్రీ పక్కన పెట్టి పది అలర్ట్‌లు, అరగంట టైమ్ ఇవ్వండి. ఏది ముందు చూశారు, ఎందుకు చూశారు అన్నది అరపేజీలో రాయమనండి.