ప్యాచ్ వస్తుందిలే అన్న భరోసా ఎవరికి?

పెద్ద గేమ్ ఏదైనా అరకొరగా విడుదలై జనం మండిపడ్డ ప్రతిసారీ ఒక వాదన ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతుంది. దాని సారం ఇది: ఇప్పటి గేములు మరీ పెద్దవి, విడుదల నాటికి అన్నీ సరిచేయడం ఎవరి తరమూ కాదు. ప్యాచ్‌లు, అంటే విడుదలయ్యాక లోపాలు సరిచేస్తూ ఇంటర్నెట్‌లో వచ్చే సవరణలు, ఎలాగూ వస్తాయి. సైబర్‌పంక్ 2077, నో మ్యాన్స్ స్కై అలా నిలదొక్కుకున్నవే. కంపెనీ చేయకపోతే మోడర్లు, అంటే గేమ్‌ను సొంతంగా మార్చే మోడ్‌లు తయారుచేసే అభిమానులు, చేస్తారు. మొదటి రోజే గగ్గోలు పెట్టేవాళ్లకు ఓపిక లేదు, అంతే.

గేములంటే ప్రాణం పెట్టేవాళ్లే దీన్ని ఎక్కువగా పంచుతున్నారు. అందుకే కొట్టిపారేయకుండా ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను. డబ్బు ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, చివరికి వాళ్ల చేతికి ఏం వచ్చింది అన్న లెక్క ఈ వాదనలో ఎక్కడా లేదు. నా గొడవంతా దాని గురించే.

"సైబర్‌పంక్ బాగుపడింది కదా."

బాగుపడింది. ఇవాళ మంచి పీసీలోనో పీఎస్5లోనో ఆడితే అది గొప్ప గేమ్. కానీ బాగుపడింది ఎవరు కొన్న గేమ్?

పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ దాన్ని 2020 డిసెంబర్ 10న విడుదల చేసింది. అప్పటికే 80 లక్షల ప్రీ-ఆర్డర్లు (ముందస్తు కొనుగోళ్లు) వచ్చి ఉన్నాయి. విడుదలకు ముందు సమీక్షకుల చేతికి ఇచ్చింది పీసీ కాపీలే. పాత కన్సోళ్లయిన (టీవీకి తగిలించి గేములు ఆడే యంత్రాలు) సోనీ పీఎస్4 మీద, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ మీద అది ఎలా నడుస్తుందో కొనేవాళ్లు ముందుగా తెలుసుకునే దారి లేదు. తీరా డబ్బు కట్టాక ఆ కన్సోళ్ల మీద గేమ్ మాటిమాటికీ క్రాష్ అయ్యింది, ఫ్రేమ్ రేట్ పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదిలింది, మనుషులూ గోడలూ కళ్లముందే మసక బొమ్మల్లా మొదలై ఆలస్యంగా రూపం తెచ్చుకున్నాయి. నాలుగు రోజులకే కంపెనీ క్షమాపణ చెప్పి, కావాలంటే డబ్బు వెనక్కి అడగమంది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచి గేమ్‌నే తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్ 21న.

ఇప్పుడు అందరూ మెచ్చుకునే 2.0 ప్యాచ్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. పాత్ర నైపుణ్యాల పద్ధతి, పోలీసులు వెంటపడే తీరు, బండి నడుపుతూ చేసే పోరాటం అన్నీ అందులోనే మారాయి. ఆ ప్యాచ్ పీఎస్4కు రాలేదు, ఎక్స్‌బాక్స్ వన్‌కూ రాలేదు. ఆ వెంటనే వచ్చిన అదనపు కథ ఫాంటమ్ లిబర్టీ కూడా అంతే. అంటే విడుదల రోజున అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నవాళ్లకే, ఈ వాదనలో గొప్పగా చెప్పుకునే మరమ్మతు అందలేదు. పీఎస్4 కాపీ ఉన్నవాళ్లకు పీఎస్5 వెర్షన్ ఉచితం అంటారు, నిజమే. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. ఒక గేమ్ మరమ్మతు కోసం కొనుగోలుదారు పెట్టాల్సిన ఖర్చా అది?

పీసీలో కొన్నవాళ్ల సంగతీ ఒకటి చెప్పాలి. మొదటి రోజుల్లో సేవ్ ఫైల్ (ఆడినంతవరకూ దాచుకునే ఫైల్) 8 ఎంబీ దాటితే పాడైపోయేది. వస్తువులు పోగేసుకుంటూ, ఆయుధాలు తయారుచేసుకుంటూ తీరిగ్గా ఆడేవాళ్ల ఫైలే అంత పెరుగుతుంది. అంటే గేమ్‌ను ఎక్కువ ప్రేమించి ఎక్కువ గంటలు ఆడినవాళ్లకే ఆ నష్టం. కంపెనీ మొదట ఇచ్చిన సలహా వస్తువులు తక్కువగా ఉంచుకోమని, పాత సేవ్‌కు వెనక్కి వెళ్లమని. అదే నెలలో వచ్చిన 1.06 ప్యాచ్ ఆ పరిమితిని తీసేసింది. అప్పటికే పాడైన ఫైళ్లు మాత్రం తిరిగి రావని ఆ ప్యాచ్ వివరాల్లోనే రాశారు. ప్యాచ్ అంటే ఇంతే. అది ఆ రోజు నుంచి ముందుకు పనిచేస్తుంది. పోయిన గంటల్ని, మొదటిసారి కథ తెలుసుకుంటున్నప్పటి అనుభవాన్ని ఏ ప్యాచూ తిరిగి ఇవ్వదు. కథ మీద నిలబడే గేముల్లో ఆ మొదటిసారి ఒక్కసారే వస్తుంది.

"నో మ్యాన్స్ స్కైని చూడండి."

చూద్దాం. ఇంగ్లండ్‌లోని హలో గేమ్స్ అనే చిన్న బృందం 2016 ఆగస్టులో దాన్ని విడుదల చేసింది, చెప్పినవి చాలా లేవని తిట్లు తింది, తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా మెరుగులు దిద్దుతూనే ఉంది. చాలామంది ఎదురుచూసిన పూర్తిస్థాయి మల్టీప్లేయర్ 2018 జూలైలో వచ్చిన నెక్స్ట్ అప్‌డేట్‌తో అందింది. ఆ బృందం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ పేరు ఇన్నేళ్లయినా నలుగురి నోళ్లలో నానుతోందంటే అలాంటిది అరుదు కాబట్టే.

దాని పక్కన పెట్టి చూడాల్సిన పేర్లు వేరే ఉన్నాయి. బయోవేర్ తీసిన ఆంథెమ్ 2019 ఫిబ్రవరిలో వచ్చింది. దాన్ని మొత్తంగా మార్చి ఇస్తామని చెప్పి, 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశారు. అది ఆన్‌లైన్‌లోనే నడిచే గేమ్, కాబట్టి సర్వర్లు ఆపితే కొన్నవాళ్ల దగ్గర మిగిలేదేమీ లేదు. సర్వర్లకు 2026 జనవరి 12ను ఆఖరి రోజుగా ప్రకటించారు. ఆర్కేన్ ఆస్టిన్ తీసిన రెడ్‌ఫాల్ 2023 మేలో వచ్చింది. ఎక్కువ ధరకు అమ్మిన ఎడిషన్‌లో తర్వాత ఇద్దరు కొత్త హీరోలు వస్తారన్నారు. ఏడాది తిరిగేసరికి స్టూడియోనే మూసేశారు, ఆ హీరోలు రాలేదు, ఆ అదనపు సొమ్ము వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2ను 2023 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే, 50 డాలర్లకు పెట్టారు. 2024లో బృందం చెదిరిపోయింది, ప్యాచ్‌లు ఆగిపోయాయి, అమ్మకం మాత్రం ఆగలేదు.

ప్యాచ్ రావడం రాకపోవడం గేమ్ ఎంత విరిగిపోయిందన్న దాన్ని బట్టి ఉండదు, కంపెనీ ఖాతాలో ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. బాగా అమ్ముడైన విరిగిన గేమ్‌కు మరమ్మతు జరుగుతుంది. అమ్ముడు కాని విరిగిన గేమ్‌ను వదిలేస్తారు. కొనే రోజున మన చేతిలో ఉన్నది ఈ రెండింటిలో ఏదో మనకెలా తెలుస్తుంది?

"ఇంత పెద్ద గేముల్లో బగ్‌లు లేకుండా ఎలా?"

ఈ మాటలో సగం నిజం. ఏ సాఫ్ట్‌వేరూ బగ్‌లు, అంటే లోపాలు, లేకుండా రాదు. వందమంది టెస్టర్లకు కనపడనిది పది లక్షలమంది ఆడితే కనపడుతుంది, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. నేనడిగేది తెలిసీ అమ్మినవాటి గురించి. సైబర్‌పంక్ విడుదలైన నాలుగో రోజున పెట్టుబడిదారులతో మాట్లాడుతూ సీడీ ప్రాజెక్ట్ యాజమాన్యమే ఒప్పుకుంది: పాత కన్సోళ్ల మీద ఇంకా సమయం కావాలన్న సూచనల్ని పట్టించుకోలేదని. సోనీ, మైక్రోసాఫ్ట్ అమ్మకానికి ముందు చేసే తనిఖీలో (సర్టిఫికేషన్‌లో) గేమ్ ఎలా నెగ్గిందన్న ప్రశ్నకు, విడుదల నాటికి తాము సరిచేస్తామని వాళ్లు నమ్మి ఉంటారని జవాబిచ్చింది. అంటే ఆ కన్సోళ్లకు తలుపు దగ్గర కాపలా కాయాల్సినవాళ్లూ రాబోయే ప్యాచ్‌ను నమ్ముకున్నారు.

ఇది గేమ్ సైజు సమస్య కాదు, తేదీ సమస్య. ఆ గేమ్ సిద్ధమైపోయిందని, "గోల్డ్" అయిందని 2020 అక్టోబర్ 5న ప్రకటించారు. అదే నెల 27న మళ్లీ మూడు వారాలు వాయిదా వేశారు. అప్పటికి ఉద్యోగులు వారానికి ఆరు రోజులు పనిచేస్తున్నారు, అలా చేయించబోమని ముందు ఏడాది మాట ఇచ్చి కూడా. ప్యాచ్ మీద ఆధారపడే పద్ధతిలో నలిగేది కొనేవాళ్లు ఒక్కరే కాదు. విడుదలకు ముందు ఆదివారాలు తప్ప ఇల్లు చూడని ఇంజనీర్లు, విడుదలయ్యాక తిట్లు తింటూ మళ్లీ అదే పనికి కూర్చుంటారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో విదేశీ గేములకు టెస్టింగ్ చేసే మనవాళ్లు ఎందరో ఉన్నారు. బగ్ రాసిపెట్టడం వాళ్ల పని. సరిచేయకుండా అమ్మాలన్న నిర్ణయం వాళ్లది కాదు. అయినా "టెస్టింగ్ చేయలేదా?" అన్న నింద ముందు పడేది వాళ్ల మీదే.

పెద్ద గేమ్‌ను నిజాయితీగా అమ్మే దారి లేదా అంటే ఉంది. బాల్డర్స్ గేట్ 3ని 2020 అక్టోబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో పెట్టారు. పూర్తి కాలేదు, మొదటి అంకమే ఉంది, బగ్‌లుంటాయి అని కొనే పేజీలోనే చెప్పారు. పూర్తి గేమ్ 2023 ఆగస్టు 3న వచ్చింది. దానికీ ప్యాచ్‌లు వచ్చాయి, చివరి అంకంలో ఇబ్బందులూ ఉన్నాయి. కానీ ఆ మూడేళ్లూ కొన్నవాళ్లు ఏం కొంటున్నారో తెలిసే కొన్నారు.

"మోడర్లు ఉన్నారుగా."

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మాటే, ఎందుకంటే ఇది మోడర్లను పొగుడుతున్నట్టే వినిపిస్తుంది.

వాళ్లు చేసినవి నిజంగా గొప్ప పనులు. వాంపైర్: ద మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్ 2004 నవంబర్‌లో వచ్చింది, తీసిన ట్రోయికా స్టూడియో కొద్ది నెలలకే మూతపడింది. ఆ గేమ్‌ను ఇవాళ్టికీ ఆడగలుగుతున్నామంటే జర్మనీకి చెందిన వెర్నర్ స్పాల్ అనే రసాయన శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అనధికార ప్యాచ్‌లు ఇస్తూ రావడం వల్లే. డార్క్ సోల్స్ 2012లో పీసీకి వచ్చినప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఎంత మంచిదైనా లోపల బొమ్మ 1024×720 దగ్గరే బిగుసుకుని ఉండేది. ఆ బిగింపును విప్పింది కంపెనీ కాదు, డీఎస్‌ఫిక్స్ అనే ఒక అభిమాని మోడ్. ఇవన్నీ ప్రేమతో ఇచ్చిన కానుకలు. ఎవరో ఇస్తారనుకుని కంపెనీ ముందుగానే లెక్కలో రాసుకోవాల్సిన ఆదాయం కాదు.

అలా లెక్కలో రాసుకుంటే ఏమవుతుందో స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2 చూపించింది. అబ్సిడియన్ స్టూడియో దాన్ని 2004 పండగ సీజన్‌కు అందించడానికి పరుగులు తీసింది. చివరి భాగం తెగిపోయింది, హెచ్‌కే-47 రోబో వెళ్లాల్సిన కర్మాగారం కథంతా ఎగిరిపోయింది. కోసేసిన ముక్కలు మాత్రం ఫైళ్లలో అలాగే ఉండిపోయాయి: రికార్డు చేసిన గొంతులు, సగం కట్టిన దృశ్యాలు. అభిమానులు కొందరు ఏళ్లపాటు కూర్చుని వాటిని అతికించి రిస్టోర్డ్ కంటెంట్ మోడ్‌గా పీసీ ఆటగాళ్లకు ఉచితంగా ఇచ్చారు. 2022 జూన్‌లో ఆస్పైర్ అనే కంపెనీ ఈ గేమ్‌ను నింటెండో స్విచ్‌కు తెచ్చింది. అమ్మకానికి పెట్టిన ప్రచారంలోనే, ఆ తెగిన భాగాలు డీఎల్‌సీగా (తర్వాత డౌన్‌లోడ్ చేసుకునే అదనపు భాగంగా) వస్తాయంది. విడుదలైన మొదటి రోజుల్లో గేమ్ మధ్యలో క్రాష్ అయి, కథ పూర్తిచేయడమే కుదరని బగ్ ఒకటి బయటపడింది. ఏడాది తర్వాత, 2023 జూన్‌లో, ఆ డీఎల్‌సీ రాదని తేల్చేసి, కొన్నవాళ్లకు వేరే గేమ్ ఒకటి ఇస్తామన్నారు. స్విచ్‌లో సొంతంగా మోడ్ వేసుకునే వీలు లేదు. పీసీలో ఉచితంగా దొరికే దాని ఆశ చూపి అమ్మారు, దాన్ని ఇవ్వలేకపోయారు.

కన్సోల్ మీద, ఫోన్ మీద ఆడేవాళ్లకు మోడర్లున్నారన్న ధైర్యం చాలా గేముల్లో ఉత్తమాటే. పీసీలో కూడా అది నమ్ముకోదగ్గ ధైర్యం కాదు. మోడ్‌ల వల్లే పేరు తెచ్చుకున్న సిరీస్, నగరాలు కట్టే సిటీస్: స్కైలైన్స్. రెండో భాగం 2023 అక్టోబర్‌లో నత్తనడకన నడుస్తూ వచ్చింది, మోడ్‌లకు అధికారిక మద్దతు మాత్రం 2024 మార్చి దాకా లేదు. ఫాల్అవుట్: లండన్ అనే భారీ మోడ్ 2024 ఏప్రిల్‌లో రావాల్సింది, సరిగ్గా అప్పుడే బెతెస్డా కంపెనీ దాని మూల గేమ్ ఫాల్అవుట్ 4కు పెద్ద అప్‌డేట్ ఇవ్వడంతో మోడ్‌ల పునాదులు కదిలి, అది జూలైకి వాయిదా పడింది. ఇక జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) సంగతి. 2021లో ఆ సిరీస్ యజమాని టేక్-టూ కంపెనీ పాత జీటీఏ గేముల మోడ్‌లను తీయించింది, జీటీఏ 3 కోడ్‌ను తిరగరాసిన అభిమానులపై కోర్టుకెక్కింది. అదే ఏడాది నవంబర్‌లో అదే గేములకు తాను తెచ్చిన కొత్త వెర్షన్లు ఎంత దారుణంగా ఉన్నాయంటే, దాని స్టూడియో రాక్‌స్టార్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. అవసరానికి మోడర్లు కావాలి, అక్కర్లేనప్పుడు వాళ్లమీద కేసులు. ఈ వ్యవహారంలో మోడర్‌కు జీతం లేదు, హక్కు లేదు, రక్షణా లేదు.

"ఓపిక లేనివాళ్లు తర్వాత కొనుక్కోవచ్చుగా."

ఆగి కొనడం మంచి సలహానే, నేనూ ఇస్తాను. కానీ ప్రీ-ఆర్డర్ బోనస్‌లు పెట్టి, రెండు మూడు రోజుల ముందే ఆడనిస్తామని ఎక్కువ ధర గుంజి, ట్రైలర్లతో ఊరించినవాళ్లను ఏమీ అనకుండా, ఆ మాట నమ్మినవాళ్లదే తప్పనడం అన్యాయం. ప్యాచ్ అనేది ఊరికే కూడా రాదు. కొన్ని పెద్ద గేముల ప్యాచ్‌లు 40, 50 జీబీ ఉంటున్నాయి. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ రీఛార్జ్‌తో హాట్‌స్పాట్ పెట్టుకునే ఇంట్లో 50 జీబీ దిగాలంటే నెల దాటుతుంది, అదీ ఇంట్లో ఇంకెవరూ ఫోన్ ముట్టుకోకపోతే. ఫైబర్ రాని ఊళ్లలో డిస్క్ కొనుక్కునేవాళ్లకు గేమ్ అంటే ఆ డిస్కులో ఉన్నదే.

ఓపిక కన్నా బాగా పనిచేసింది ఏమిటో మనం చూశాం. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ 2015 జూన్ మొదట్లో రిఫండ్ పద్ధతి తెచ్చింది. అదే నెల 23న బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్ పీసీలో విరిగిపోయి వచ్చింది. జనం రిఫండ్లు అడిగారు. రెండు రోజులు తిరక్కుండానే వార్నర్ బ్రదర్స్ అమ్మకం ఆపేసి, అక్టోబర్ చివర్లో ప్యాచ్‌లు వేసిన గేమ్‌తో తిరిగొచ్చింది. ఆ నాలుగు నెలల పని విడుదలకు ముందే చేయొచ్చు. చేయించింది మాత్రం వెనక్కి వెళ్తున్న డబ్బు.

అయితే ఆ రిఫండ్ నియమం ఇప్పటికీ కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటేనే వర్తిస్తుంది. పెద్ద గేముల్లో పాత్రను తయారుచేసుకుని, తొలి అధ్యాయం దాటేసరికే రెండు గంటలు అయిపోతాయి. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే, గేమ్‌లో లోపముందని తేలితే తప్ప రిఫండ్ లేదు. నలభై గంటలు ఆడాక సేవ్ ఫైల్ పాడైనవాళ్లకు, ఏడాది ఆగాక డీఎల్‌సీ రాదని తెలిసినవాళ్లకు ఈ నియమాలు పనికిరావు. గేమ్ పేజీలో రాసినవి అందేదాకా రిఫండ్ గడువు మొదలవకూడదు, అమ్మే ప్రతి కన్సోల్ మీదా సమీక్ష కాపీ ముందే ఇవ్వాలి. ఈ రెండూ స్టోర్లు తలచుకుంటే చేయగలిగినవే. మనం అడగాల్సింది ఆ స్టోర్లను.