అక్కా, థైరాయిడ్ స్కాన్‌కి టిక్ పెట్టమంటావా?

చలి మొదలైందంటే చాలు, దక్షిణ కొరియాలోని సువోన్‌లో మన తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకే ఫొటో తిరుగుతుంది. మా ఆయనలాంటి ఉద్యోగుల ఇళ్లకి కంపెనీలు ఇచ్చే హెల్త్ చెకప్ ఫారం అది. అంతా కొరియన్‌లో ఉంటుంది, పక్కన గడులు, పైన "కింది వాటిలో రెండు ఎంచుకోండి" అని. పోయినసారి ఆ ఫొటో పెట్టింది కొత్తగా వచ్చిన అమ్మాయి. ముప్ఫై దాటి ఒకటో రెండో ఉంటాయేమో, ఒంట్లో ఏ బాధా లేదు. "అక్కా, థైరాయిడ్ స్కాన్‌కి టిక్ పెట్టమంటావా? డబ్బులు కంపెనీవే కదా" అంది. పది నిమిషాల్లో అందరూ పెట్టెయ్ పెట్టెయ్ అన్నారు. నేనొక్కదాన్నే వద్దన్నాను. అప్పట్నుంచి గ్రూపులో నా పేరు డాక్టరమ్మ, వెటకారంగానే లెండి.

నేను డాక్టర్ని కాదు. వద్దనడం నా సొంత తెలివీ కాదు. ఆ స్కాన్ జనమంతా చేయించుకుంటే ఏమవుతుందో ఈ దేశం ఒంటి మీద చూసుకుని, లెక్కలు తీసి, ప్రపంచానికంతా చెప్పింది. ఇక్కడే ఉంటూ మనం అది వినకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒకటి చెప్పాలి. మన ఇళ్లలో "ఆవిడకి థైరాయిడ్ ఉంది" అంటే అది వేరే విషయం. పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న మాత్ర, ఆరు నెలలకోసారి రక్తమిచ్చి చూసుకునే టీఎస్‌హెచ్. దాని జోలికి నేను పోవట్లేదు, ఆ మాత్ర మానకండి. మెడలో గడ్డ చేతికి తగిలినా, గొంతు బొంగురుపోయి ఎన్నాళ్లకీ తగ్గకపోయినా, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉన్నా డాక్టర్ స్కాన్ తీయమంటారు, తీయించుకోవాలి. నేను మాట్లాడేది ఏ లక్షణమూ లేని మనిషి, ప్యాకేజీలో ఉంది కదా అని మెడకి జెల్ రాయించుకుని తీయించుకునే అల్ట్రాసౌండ్ గురించి.

కొరియా ప్రభుత్వం 1999లో క్యాన్సర్ స్క్రీనింగ్ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో థైరాయిడ్ లేదు, ఇవాళ్టికీ లేదు. కానీ జనం ఎలాగూ ఆసుపత్రికి వస్తున్నారు, అల్ట్రాసౌండ్ మిషను ఎలాగూ ఉంది, ముప్ఫై నుంచి యాభై డాలర్లు ఇస్తే మెడ కూడా చూసేస్తాం అని ఆసుపత్రులు పక్కన ఒక గడి చేర్చాయి. టీవీల్లో, పేపర్లలో "త్వరగా కనిపెట్టండి" అని ఊదరగొట్టారు. ఇక్కడ ఏదైనా ప్పల్లి ప్పల్లి కదా (వచ్చిన కొత్తలో నేను ఎవరో పల్లీలు అడుగుతున్నారనుకున్నాను, "తొందరగా, తొందరగా" అట). క్యాన్సర్ని కూడా ప్పల్లి ప్పల్లి పట్టుకోవడంలో తప్పేముంది అనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు.

2011కి వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ బయటపడే రేటు 1993లో ఉన్నదానికి పదిహేను రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా నీకు క్యాన్సర్ ఉందని చెప్పారు. దేశంలో అన్ని క్యాన్సర్లనీ దాటేసి అదే మొదటి స్థానంలోకి వచ్చింది. మరి దాంతో చనిపోయేవాళ్లు? ముందూ ఏటా మూడు నాలుగు వందల మందే, తర్వాతా అంతే. ఇన్ని వేల మందిని ముందే పట్టుకుని కోసి తీసేస్తుంటే చావులు తగ్గాలి కదా, తగ్గలేదు. పోనీ గాలిలోనో నీళ్లలోనో ఏదో విషం కలిసి జబ్బే నిజంగా పెరిగిందనుకుంటే చావులు పెరగాలి, అదీ లేదు. పైగా పెరిగినదంతా పాపిలరీ అనే ఒక్క రకమే, నెమ్మదిగా ఉండే రకం. ఏ ప్రాంతంలో స్కాన్లు ఎక్కువ తీశారో ఆ ప్రాంతంలోనే క్యాన్సర్ ఎక్కువ కనిపించింది. అంటే పెరిగింది జబ్బు కాదు, వెతుకులాట.

ఇది బయటపెట్టింది కొరియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆన్ హ్యోంగ్ సిక్, ఆయనతో పాటు అమెరికాలో అప్పట్లో డార్ట్‌మత్ కాలేజీలో ఉన్న గిల్బర్ట్ వెల్చ్ లాంటివాళ్లు. 2014 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, నాలుగు పేజీలు కూడా ఉండదు. వేరే జబ్బుతోనో ప్రమాదంలోనో పోయినవాళ్ల థైరాయిడ్ గ్రంథిని పలచటి ముక్కలుగా కోసి చూస్తే పెద్దవాళ్లలో మూడో వంతు మందికి ఇలాంటి చిన్న చిన్న క్యాన్సర్లు ఉంటాయని పాత శవపరీక్షల వల్ల తెలుసు. వాళ్లెవరికీ అవి ఉన్నట్టే తెలియదు, వాటితోనే బతికారు, ఇంకో కారణంతో పోయారు. అలాంటి వాటిని వెతికితే దొరక్కుండా ఎలా ఉంటాయి? ఇక్కడి జనం దీనికి తాబేలు క్యాన్సర్ అని పేరు కూడా పెట్టారు, మంచి క్యాన్సర్ అని కూడా అంటారు. మంచిదైతే మరి మెడ ఎందుకు కోయించుకున్నారో నాకైతే అర్థం కాదు.

ఎందుకంటే ఊరుకోలేరు కాబట్టి. క్యాన్సర్ అనే మాట ఒకసారి చెవిన పడ్డాక ఎవరికి నిద్ర పడుతుంది? దాదాపు అందరూ ఆపరేషన్ చేయించుకున్నారు, వాళ్లలో మూడింట రెండొంతుల మందికి గ్రంథి మొత్తం తీసేశారు. మొత్తం తీసేస్తే బతికినన్నాళ్లూ మాత్ర వేసుకోవాల్సిందే. పదిహేను వేల మందికి పైగా రోగుల ఇన్సూరెన్సు క్లెయిములు చూస్తే 11 శాతం మందికి పక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయి, అంటే ఒంట్లో కాల్షియం నిలవదు. 2 శాతం మందికి స్వరతంత్రి చచ్చుబడింది. రెండు శాతమే కదా అనకండి, వేలల్లో ఆపరేషన్లు జరిగే చోట అది చాలా గొంతులు. మెడ మీద మచ్చ పడుతోందని ఆడవాళ్లు బాధపడుతుంటే 2007లో ఇక్కడి సెవరెన్స్ ఆసుపత్రిలో చంక దగ్గర కోసి రోబో చేతులతో లోపలికి వెళ్లి గ్రంథిని తీసే పద్ధతి మొదలుపెట్టారు, ప్రపంచమంతా వచ్చి నేర్చుకుంది. ఆ పనితనానికి నిజంగా దండం పెట్టాలి. కాకపోతే ఇన్ని మెడలు కోయాల్సిన అవసరం ఉందా అన్న ప్రశ్న కంటే మచ్చ కనపడకుండా ఎలా కోయాలన్న ప్రశ్నకే ముందు జవాబు దొరికింది.

కొరియాలో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్ల అయిదేళ్ల సాపేక్ష బతుకు రేటు 100 శాతం దాటింది. అచ్చు తప్పు కాదు. క్యాన్సర్ ఉందన్నవాళ్లు, అదే వయసు మామూలు జనం కంటే కాస్త ఎక్కువే బతికారని. ఈ అంకె చూపించి "చూశారా, ముందే పట్టుకుంటే ఎంత బాగా నయమవుతుందో" అనేవాళ్లున్నారు. నాకు మాత్రం వీళ్లలో ఎంతమందికి అసలు నయం చేయాల్సిందంటూ ఏమైనా ఉందా అనిపిస్తుంది.

ఇందులో అన్నిటికంటే చిక్కు ఎక్కడుందంటే, ఆపరేషన్ చేయించుకున్న ఏ ఒక్కరికీ "నీకిది అనవసరం" అని ఎవరూ వేలు పెట్టి చెప్పలేరు. మా పిన్నినే తీసుకోండి. విజయవాడలో ఉంటుంది. పండగకి అమ్మకి ఏం కొనాలో తెలియక అమెరికాలో ఉన్న తమ్ముడు ఆన్‌లైన్లో ఫుల్ బాడీ చెకప్ బుక్ చేశాడు. మెడలో ఆరు మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది, సూది గుచ్చి చూశారు, అనుమానం అన్నారు, నెల తిరక్కుండా ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుందంటుంది, రోజూ కాల్షియం మాత్రలు మింగుతుంది. అయినా ఊళ్లో అందరికీ "మావాడు దేవుడిలా ఆ టెస్ట్ చేయించాడు, లేకపోతే పోయుండేదాన్ని" అని చెబుతుంది, ఆమె మాట విని ఇంకో నలుగురు బుక్ చేసుకున్నారు. నేనేమనగలను? ఆ ఆరు మిల్లీమీటర్లది నిజంగానే కొరకరాని రకమేమో, కాదేమో. అది తీసేశాక తెలుసుకునే దారి లేదు. అనవసరంగా కోయించుకున్న ప్రతివాళ్లూ తాము ప్రాణాలతో బయటపడ్డామనే అనుకుంటారు. కాబట్టి ఈ టెస్టు ఎంత ఎక్కువ నష్టం చేస్తే దానికి అంత మంచి పేరు వస్తుంది. ఒక్కో మనిషి కథ విని తేల్చే విషయం కాదిది, దేశం మొత్తాన్ని ఒకేసారి చూస్తేనే కనపడుతుంది.

కొరియాకి అలా చూసే వీలుంది. దేశమంతటికీ ఒకే ఆరోగ్య బీమా సంస్థ, ఎవరికి ఏ ఆపరేషన్ అయిందో, తర్వాత ఏ మందు వాడారో అన్నీ ఒకే చోట ఉంటాయి, క్యాన్సర్ రిజిస్ట్రీ వేరే ఉంది. మన దగ్గరో, ఆరోగ్యశ్రీ ఒక పక్క, ప్రైవేటు ఇన్సూరెన్సు ఒక పక్క, జేబులోంచి కట్టింది ఏ లెక్కకీ రాదు. హైదరాబాదు, విజయవాడల్లో ప్యాకేజీల పేరుతో ఎన్ని మెడలు స్కాన్ చేస్తున్నారో, వాటిలో ఎన్ని ఆపరేషన్ దాకా వెళ్తున్నాయో ఎవరు కూడతారు? అందుకే పక్కవాళ్లు తీసిన లెక్కనైనా వాడుకుందాం అంటున్నాను.

ఇక్కడి డాక్టర్లలోనే ఎనిమిది మంది 2014 మార్చిలో ఒక బృందంగా ఏర్పడి, లక్షణాలు లేనివాళ్లకి ఈ స్కాన్ ఆపండి అని బహిరంగంగా చెప్పారు. థైరాయిడ్ ఆపరేషన్లు చేసే సాటి డాక్టర్లు గట్టిగానే ఎదురు తిరిగారు. కానీ పత్రికలు పట్టుకున్నాయి, ఏడాది తిరిగేలోపు ఆపరేషన్లు 35 శాతం తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు, ఎనిమిది మంది నోరు విప్పారంతే. తర్వాత 2017లో అమెరికా నిపుణుల సంఘం కూడా లక్షణాలు లేని పెద్దవాళ్లకి ఈ పరీక్ష వద్దని తేల్చింది. దొరికిన చిన్నవాటిని వెంటనే కోయకుండా కొన్ని నెలలకోసారి స్కాన్‌తో చూసుకుంటూ ఉండటం జపాన్‌లో కోబే నగరంలోని కుమా ఆసుపత్రిలో 1993 నుంచే చేస్తున్నారు, చాలావరకు అవి పెరగనే లేదు. కొరియాలో కూడా ఇప్పుడు ఆ దారి ఉంది. ఎవరికైనా ఈపాటికే చిన్నది బయటపడి ఉంటే, "ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉండొచ్చా?" అని అడగండి, అలా అడిగే హక్కు మీకుంది.

ఇక్కడితో కథ సుఖాంతం అయి ఉంటే బాగుండేది. తగ్గిన అంకెలు మళ్లీ ఎక్కాయి, 2021, 2022 లెక్కల్లో థైరాయిడే మళ్లీ మొదటి స్థానం. ఆ గడి ఫారంలో అలాగే ఉంది, మనలాంటివాళ్లు టిక్ పెడుతూనే ఉన్నాం.

"అయితే టెస్టులన్నీ దండగేనా?" అని మా ఆయన కూడా అడిగాడు. అస్సలు కాదు. ఇదే కొరియాలో కడుపు క్యాన్సర్ సంగతి చూడండి. అది ఇక్కడ పెద్ద జబ్బు, నలభై దాటినవాళ్లకి రెండేళ్లకోసారి ఎండోస్కోపీ పెట్టారు, ముందే పట్టుకుంటే నిజంగా మనుషులు బతుకుతున్నారు. అక్కడితో ఆగలేదు. గోయాంగ్‌లోని నేషనల్ క్యాన్సర్ సెంటర్‌లో చోయ్ ఇల్ జు బృందం, ఇంట్లో తల్లికో తండ్రికో తోబుట్టువుకో కడుపు క్యాన్సర్ వచ్చిన 1,676 మందిని తీసుకుని, కడుపులో చేరి క్యాన్సర్‌కి దారితీసే హెలికోబాక్టర్ బ్యాక్టీరియా ఉన్న వీళ్లలో సగం మందికి దాన్ని చంపే మందులిచ్చి, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలిచ్చి, తొమ్మిదేళ్లకు పైగా చూశారు. ఉత్తుత్తి మాత్రల వైపు 2.7 శాతం మందికి క్యాన్సర్ వస్తే, మందు వైపు 1.2 శాతానికే వచ్చింది. 2020లో అచ్చయింది. వారం రోజుల మందుల కోర్సుతో! రెండు పరిశోధనలూ ఇదే దేశానివి. ఒకటి ఏది వెతకాలో చెప్పింది, ఇంకొకటి ఏది వెతకకూడదో చెప్పింది. నాకు రెండోదే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే అది చెప్పడానికి సొంత వృత్తివాళ్లతోనే గొడవ పెట్టుకోవాలి.

మన సంగతికొస్తే మరీ విడ్డూరం. ఆరు నెలలు దాటి ఉండే విదేశీయులందరినీ 2019 జులై నుంచి ఇక్కడి జాతీయ ఆరోగ్య బీమాలో తప్పనిసరిగా చేర్చారు, నెలనెలా ప్రీమియం కడుతున్నాం. ఇరవై దాటిన ఆడవాళ్లందరికీ రెండేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష (పాప్ టెస్ట్) ఉచితం, నలభై దాటితే మామోగ్రామ్ ఉంది. సరిసంఖ్య ఏడాదిలో పుట్టినవాళ్లకి సరిసంఖ్య ఏడాదుల్లో, బేసివాళ్లకి బేసిలో ఇంటికే ఉత్తరం వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశపు ఆడవాళ్లని ఎంతగా తినేస్తోందో తెలిసిందే, ముందే పట్టుకుంటే ఆపగలిగింది కూడా అదే. గ్రూపులో ఒకసారి అడిగాను, ఆ పాప్ టెస్ట్ ఎంతమంది చేయించుకున్నారని. భాష రాదనీ, సిగ్గనీ, మగ డాక్టరేమో అనీ, ఉత్తరంలో ఏముందో చదవలేక పారేశామనీ చెప్పారు. పనికొచ్చే ఉచిత పరీక్ష చెత్తబుట్టలోకి వెళ్తోంది, ముట్టుకోకూడని గడిలో టిక్ పడుతోంది.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా ఉగాదికి హాలు బుక్ చేస్తుంది, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడుతుంది, అన్నీ బాగుంటాయి. దాంతోపాటు ఆ ఉత్తరాన్నీ ఆ ఫారాన్నీ తెలుగులోకి మార్చి ఒక పేజీ అచ్చేయించి పంచితే ఎంత ఖర్చవుతుంది? కొరియన్ బాగా వచ్చిన పిల్లలు మనలో చాలామంది ఉన్నారు, ఒక శనివారం చాలు. ఆడ డాక్టర్లున్న క్లినిక్కులు ఏవో ఒక జాబితా వేసినా సగం భయం పోతుంది. కార్యవర్గానికి ఇదే నా అర్జీ అనుకోండి.

ఆ కొత్త అమ్మాయి చివరికి థైరాయిడ్ గడి ఖాళీగా వదిలేసింది. నా మాట మీద గౌరవంతో కాదు, వాళ్లాయన పళ్ల క్లీనింగుకి టిక్ పెట్టుకున్నాడట. కానీ నిన్న మళ్లీ మెసేజ్ పెట్టింది, పాత ఉత్తరం దొరికిందని, పాప్ టెస్టుకి తోడు రాగలవా అని. గురువారం పదింటికి వెళ్తున్నాం. ఇంకెవరైనా వస్తామంటే కారులో ఇద్దరికి చోటుంది.