రాళ్ల గోడ ఇసుకను పుట్టించదు

కొంతకాలంగా ఫోన్లలో తిరుగుతున్న ఒక పోస్టులో రెండు ఫొటోలు పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో వెడల్పాటి ఇసుక తీరం, రెండోదానిలో అదే చోట నిలువునా తెగిన గట్టు. కింద ఈ మాటలు: "సముద్రమట్టం పెరిగి ప్రపంచంలోని ఇసుక తీరాలన్నీ కొట్టుకుపోతున్నాయి. మందు ఒక్కటే, ఒడ్డు పొడవునా రాళ్ల గోడ. ఇసుక తెచ్చి పోయడమంటే డబ్బును సముద్రంలో పోయడమే." ఇందులో కొంత నిజం కలిసి ఉంది కాబట్టే చూసీ చూడనట్లు వదిలేయలేకపోయాను.

ముందు ఆ ఫొటోల సంగతి. ఏ నెలలో తీశారో ఎక్కడా రాయలేదు. తుపాను రోజుల్లో వెంటవెంటనే విరుచుకుపడే నిటారు అలలు ఒడ్డు ఇసుకను లాక్కుపోయి, కొద్ది దూరంలో నీటి అడుగున దిబ్బగా పోస్తాయి. మర్నాడు వెళ్లి చూస్తే నడుమెత్తు గట్టు తెగి ఉంటుంది. కొన్ని తీరాల్లో తేలికైన తెల్లని రేణువులు కొట్టుకుపోయి, ఇల్మెనైట్, గార్నెట్ అనే ఖనిజాల బరువైన రేణువులు నల్లగా, ఎర్రగా చారలు కట్టి మిగులుతాయి. సముద్రం నెమ్మదించాక పొడవాటి అలలు ఆ ఇసుకను వారాల తరబడి కొద్దికొద్దిగా ఒడ్డుకు చేరుస్తాయి. కాబట్టి ఒకే ఏడాది తీసిన రెండు ఫొటోలతో ఏ తీరమైనా మాయమైందని చూపించవచ్చు. ఫొటోల వరుస మారిస్తే పెరిగిందనీ చూపించవచ్చు!

ఇక "అన్నీ" అన్న మాట. 1984 నుంచి 2016 వరకు ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ప్రపంచ ఇసుక తీరాల్లో 24 శాతం ఏడాదికి అర మీటరు కంటే వేగంగా కోతకు గురయ్యాయి. 28 శాతం ముందుకు పెరిగాయి. మిగతావి ఇంచుమించు ఉన్నచోటే ఉన్నాయి. పెరిగినవాటిలో మనిషి పూడ్చి పెంచినవీ ఉన్నాయి లెండి.

సముద్రమట్టం పెరగడం అబద్ధం కాదు. 1900 నుంచి సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇకముందు దాని దెబ్బ ఇంకా గట్టిగానే తగులుతుంది. అయితే ఒక్కచోట ఒడ్డు ఉన్నట్టుండి తరిగిపోతుంటే నేను ముందు అడిగేది, రావాల్సిన ఇసుక ఎక్కడ ఆగిందని. ఏటవాలుగా వచ్చిన అల ఇసుకను పక్కకు తోస్తూ ఒడ్డెక్కిస్తుంది, దిగే నీరు తిన్నగా లాగుతుంది. ఇలా రంపపు పళ్ల దారిలో నడుస్తూ కొన్ని తీరాల వెంట ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక సాగిపోతుంది. దానికి అడ్డంగా కట్ట వేస్తే ఒక పక్క మేట, మరో పక్క కోత. అమెరికాలో 1933 నాటి తుపాను ఓషన్ సిటీ దగ్గర ఇసుక దీవిని చీల్చి నీటి దారి తెరిచింది. అది పూడిపోకుండా రెండు వైపులా రాళ్ల కట్టలు వేశారు. ఉత్తరాన ఓషన్ సిటీ తీరం వెడల్పయింది, దక్షిణాన అసటీగ్ దీవి ఉత్తర కొస వందల మీటర్లు వెనక్కి జరిగింది. సముద్రమట్టం రెండు పక్కలా ఒక్కటే కదా! నదుల మీది ఆనకట్టలూ ఈ పనే చేస్తాయి. అస్వాన్ ఆనకట్ట ఒండ్రును ఆపేశాక నైలు డెల్టా అంచుల కోత ఎలా ముదిరిందో చూడండి.

గోడ తన వెనకున్న రోడ్డునో ఇళ్లనో కాపాడుతుంది, ఒప్పుకుంటాను. కానీ కోత సాగుతున్న చోట దాని ముందున్న ఇసుక ఏటా సన్నబడి, చివరికి అలలు నేరుగా రాళ్లకు కొట్టుకుంటాయి. గోడ ఆగిన చోట పక్కవాడి ఒడ్డు మొదలవుతుంది, కోత అక్కడికి మారుతుంది.

"డబ్బును సముద్రంలో పోయడమే" అన్నది వినడానికి బాగుంటుంది. పోసిన ఇసుక కదిలిపోతుందన్నదీ నిజమే, కదలాలనే పోస్తారు. నెదర్లాండ్స్ 1990 నుంచి తన తీరరేఖను ప్రధానంగా ఇసుక పోసే నిలబెట్టుకుంటోంది. 2011లో హేగ్ నగరానికి దక్షిణంగా ఒకేచోట 2.15 కోట్ల ఘనపు మీటర్లు కుప్ప పోసి, దాన్ని అటూ ఇటూ పంచే పని గాలికీ అలలకూ వదిలేశారు. సన్నని ఇసుక పోస్తే త్వరగా కొట్టుకుపోతుంది, అందుకే రేణువు పరిమాణం చూసి ఎంచుతారు. ఇసుక దారికి అడ్డుపడ్డ చోట మరో పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాలోని ట్వీడ్ నది ముఖద్వారం వద్ద 2001 నుంచి, కట్ట దగ్గరికి వచ్చిన ఇసుకను పంపులతో తోడి, నది అడుగు నుంచి గొట్టాల్లో అవతలి తీరానికి పంపుతున్నారు. అక్కడ ఖర్చు ఏటా ఉంటుంది, ఎందుకంటే ఇసుక ఏటా వస్తూనే ఉంటుంది.