బరోలోకి మన కారం పడదు: ఒక వైన్ ఫార్వర్డుకు జవాబు

వాట్సాప్‌లో ఈమధ్య ఒక వైన్ పాఠం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఇటలీ వైన్లకు రాజు బరోలో. బోల్డ్ వైన్ కాబట్టి నల్లగా, చిక్కగా ఉంటుంది. ఇంత స్ట్రాంగ్ వైన్‌కి మన ఘాటైన మటన్ వేపుడే సరైన జోడీ. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి. చివర్లో డార్క్ చాక్లెట్ ఉంటే అదిరిపోతుంది. సీసా ఎంత పాతదైతే అంత రుచి."

రాజు అనడంలో నాకు పేచీ లేదు. ఇటలీలోనూ ఆ బిరుదు ఎప్పటినుంచో ఉంది. గొడవంతా ఆ తర్వాతి మాటలతోనే.

ముందు రంగు సంగతి. బరోలో వాయవ్య ఇటలీలోని పియెమోంతే ప్రాంతానిది. అల్బా పట్టణం దగ్గర లాంగే కొండల మీద 11 గ్రామాల పరిధిలో, నెబ్బియోలో అనే ఒకే ఒక్క ద్రాక్షతో చేస్తారు. ఈ ద్రాక్ష తొక్కలో వగరు దండిగా ఉంటుంది గానీ రంగు తక్కువ. ఉన్న రంగు కూడా తొందరగా వెలిసిపోయే రకం. గ్లాసులో కొంచెం పోసి, అచ్చు ఉన్న కాగితం మీద వంచి చూడండి. చాలాసార్లు వైన్ లోంచి అక్షరాలు కనిపిస్తాయి. కొన్నేళ్లు గడిచిన సీసా అయితే అంచు దగ్గర ఎరుపు తగ్గి ఇటుక రంగులోకి, ఇంకా బయటికి నారింజ ఛాయలోకి తిరుగుతుంది. కొత్తవాళ్లు నీళ్లు కలిపారేమో అనుకుంటారు. నిజానికి సిరాలా నల్లగా ఉన్నది పోసి బరోలో అంటేనే అనుమానించాలి.

మరి దీన్ని బోల్డ్ అని ఎందుకంటారు? వాసన చూస్తే గులాబీ, ఎండిన చెర్రీ, వాటి వెనక తారు. ఇంత సున్నితంగా ఉందే అనుకుని ఒక గుక్క తాగితే కరక్కాయ నమిలినట్టు చిగుళ్లు పట్టేస్తాయి. ఆ వగరు ద్రాక్ష తొక్కలోని టానిన్లు అనే పదార్థాలది. అవి మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, దాంతో నాలుక మీది జారుడు పోతుంది. దానికి తోడు గట్టి పులుపు, 14 శాతం చుట్టుపక్కల ఆల్కహాల్. దీని బలమంతా పట్టులో ఉంది, రంగులోనో చిక్కదనంలోనో కాదు. ఇది అర్థమైతే పక్కన ఏం పెట్టాలో సగం తెలిసిపోయినట్టే.

ఇప్పుడు మటన్ వేపుడు. ఎక్కువమందిని ముంచేది ఈ సలహానే. బలమైన వంటకి బలమైన వైన్ అన్న లెక్క వినడానికి బాగుంటుంది. కానీ మిరపకాయ మంట రుచి కాదు, నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని మీటుతుంది. ఆల్కహాల్ కూడా అదే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. అంటే గుంటూరు కారం దట్టించిన ముక్క తిని బరోలో తాగితే మంట చల్లారదు, ఇంకో మెట్టు ఎక్కుతుంది. మండుతున్న నోటికి వగరు మరీ మొరటుగా తగులుతుంది. గులాబీ, చెర్రీ ఏవీ అందవు. అంత డబ్బు పోసి కొన్న సీసాలో మిగిలేది చేదు, వగరు, మంట. "ఈ వైన్ బాలేదు" అని తేల్చేసేవాళ్లలో చాలామంది దాన్ని ఇలాగే తాగి ఉంటారని నా అనుమానం.

ఇక్కడ చింతపండును మాత్రం నిందించను. బరోలోకి సొంత పులుపు చాలా ఉంది, కాస్త పుల్లటి కూరను తట్టుకుంటుంది. తట్టుకోలేనిది కారాన్నే.

బరోలోకి కావాల్సింది కొవ్వు, ప్రొటీన్, ఉప్పు. టానిన్లకు పట్టుకోవడానికి తిండిలోనే ప్రొటీన్ దొరికితే మన లాలాజలాన్ని కొంత వదిలేస్తాయి. కొవ్వు నాలుకకు మళ్లీ జారుడునిస్తుంది. ఉప్పు చేదును అణుస్తుంది. లాంగే వాళ్ల వంటలు చూడండి. బ్రసాతో అల్ బరోలో అంటే గొడ్డుమాంసాన్ని ఆ వైన్‌లోనే ఉల్లి, క్యారెట్, సెలెరీ, బిర్యానీ ఆకు, లవంగాలతో నానబెట్టి, సన్న సెగ మీద గంటల తరబడి ఉడికించడం. మసాలా దినుసులున్నాయి, మిరపకాయ లేదు. తయారిన్ అనే సన్నటి పాస్తాకి కిలో పిండిలో 30, 40 గుడ్ల పచ్చసొనలు కూడా పోస్తారు. దాని మీద వెన్న, శరదృతువులో అయితే అల్బా తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే, ఘాటైన వాసనుండే పుట్టగొడుగు లాంటిది) తురుము. మాంసం లేకపోయినా ఈ జోడీ అద్భుతంగా కుదురుతుంది. కాబట్టి రెడ్ వైన్‌కి మాంసమే ఉండాలన్నదీ నిజం కాదు. మనింట్లో అయితే కారం బాగా తగ్గించి, నెయ్యి పోసి మెత్తగా ఉడికించిన మటన్ కుర్మా దగ్గరగా వస్తుంది. కారం తగ్గించడం కుదరదంటారా? అదే పియెమోంతేలో బ్రకెట్టో అనే తియ్యటి, కొద్దిగా బుడగలొచ్చే రెడ్ ఉంది. ఆల్కహాల్ బాగా తక్కువ. చల్లగా చేసి తాగండి, వేపుడు పక్కన అది నయం.

రూమ్ టెంపరేచర్ అన్నది యూరప్ చలి ఇళ్ల కాలం నాటి మాట. బరోలోకి 16 నుంచి 18 డిగ్రీలు చాలు. ఏప్రిల్‌లో హైదరాబాద్ హాల్లో ఉంచిన సీసా 30 దాటి ఉంటుంది. మూత తీయగానే ముక్కుకు కొట్టేది ఆల్కహాల్ ఒక్కటే. తాగేముందు గంట, గంటన్నర ఫ్రిజ్‌లో పెడితే వైన్‌కేమీ కాదు.

డార్క్ చాక్లెట్ దగ్గర ఆ ఊరివాళ్లే వేరే దారి పట్టారు. తీపి పక్కన తియ్యదనం లేని (డ్రై) వైన్ ఇంకా పుల్లగా, చేదుగా తోస్తుంది. చాక్లెట్ చేదు దానికి తోడైతే చెప్పక్కర్లేదు. అందుకే చాక్లెట్‌తో తాగేది బరోలో కాదు, బరోలో కినాతో. వైన్‌లో సింకోనా బెరడు, మసాలా దినుసులు, చక్కెర కలిపి చేసేది అది. 19వ శతాబ్దం చివర్లో దాన్ని తయారుచేసిన ఘనతను సెర్రలుంగా గ్రామానికి చెందిన ఫార్మసిస్టు జుసెప్పే కాపెల్లానోకు ఇస్తారు.

ఇక పాతదైతే రుచి అన్నమాట సగం నిజం. బరోలోను కోత ఏడాది నవంబర్ 1 నుంచి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాలని నిబంధన. సీసా మీద రిజర్వా (ఇంకా ఎక్కువకాలం ఆపిన రకం) అని రాయాలంటే 62 నెలలు. మంచి ఏడాది సీసాలు 20 ఏళ్లు దాటినా నిలబడతాయి, వగరు మెత్తబడుతుంది. కానీ అదంతా చల్లటి, చీకటి సెల్లార్‌లో సాగే కథ. మన అటక మీద నాలుగు వేసవులు గడిస్తే రాజైనా ఉడికిపోతాడు. దాచే వసతి లేకపోతే లాంగే నెబ్బియోలో అని రాసి ఉన్న సీసా కొనండి. ద్రాక్ష అదే, కొండలూ అవే, అంతకాలం ఆపకుండా అమ్మకానికి వస్తుంది, ధర కూడా చాలా తక్కువ.