పనీ రీల్సూ ఒకే ఫోన్‌లో ఉంటే మనసు నిలిచేదెలా?

పిల్లలు చదవడం లేదంటే ముందు అందరూ చెప్పేది ఫోన్ లాక్కోమని. ఆఫీసులో పని తెమలడం లేదన్నవాళ్లకూ ఫోన్ పక్కన పడేయమనే చెబుతారు. మంచి మాటే, కాదనను. కానీ నెల్లూరులో ఇంటర్ చదివే అమ్మాయికి రేపటి అసైన్‌మెంట్ ఏమిటో తెలియాలంటే వాట్సాప్ గ్రూప్ తెరవాలి. విడవలూరులో రొయ్యల రైతుకు ఇవాళ వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్యలు) రేటెంతో తెలియాలన్నా ఫోనే చూడాలి. అలా చూసి పెట్టేద్దామనే తీస్తారు. అరగంట తర్వాత చూస్తే ఎక్కడో ఎవరో వండుతున్న బిర్యానీ దగ్గర ఉంటారు. ఏకాగ్రత గురించి మనం చేసే చర్చల్లో ఈ సంగతి ఎందుకో రాదు. అవసరమైన పనే మనల్ని ఫోన్ దాకా తీసుకెళ్లి అక్కడ వదిలేస్తోంది.

ఒక పని మీద మనసు నిలపడం ఎంత ఖరీదైన విషయమో ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కొండపి, టంగుటూరు వైపు బ్యారన్‌లో, అంటే కట్టెల వేడితో పొగాకును ఆరబెట్టే గదిలో, ఆకు ఎక్కించాక ఐదారు రోజులు రాత్రింబవళ్లు ఎవరో ఒకరు కళ్లలో వత్తులేసుకుని కూర్చోవాలి. ఆకు పసుపు తిరిగేదాకా వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూఇటూగా ఉంచాలి. తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఈనె ఎండే వేళకు 160 దాకా తీసుకెళ్లాలి. తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే పసుపు పోయి గోధుమ రంగు తిరుగుతుంది. రంగు పోతే వేలంలో ధర పోయినట్టే. ఎండిన ఆకు ఒక్కటి జారి కింద వేడి పొగ పోయే గొట్టం మీద పడితే బ్యారనే అంటుకుంటుంది.

ఈ కాపలాలో చేతికి పని తక్కువ. కట్టె వేయాలి, థర్మామీటర్ చూడాలి, ఆకు రంగు చూడాలి. మిగతాదంతా ఎదురుచూపే. వెనకటికి ఆ ఖాళీలో పక్క బ్యారన్ మనిషితో కబుర్లు చెప్పుకునేవారు, రేడియో పెట్టుకునేవారు. అవి చెవిని ఆక్రమించినా కంటిని మాత్రం పనికే వదిలేసేవి. రీల్స్ అలా వదలవు, వాటికి కన్నే కావాలి. రొయ్యల గుంట మీద రాత్రి కాపలా ఉండే మనిషిదీ ఇదే పరిస్థితి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగిన సంగతి గంట ఆలస్యంగా తెలిస్తే నెలల కష్టం నీళ్లపాలు. మనసు నిలపడమంటే ఏమీ జరగని సమయాన్ని ఓపికగా భరించడం కూడా. సరిగ్గా ఆ ఓపిక మీదే ఫోన్ దెబ్బకొడుతోంది.

ఇది ఆ కాపలా మనిషి బద్ధకమని నేను అనుకోను. కిందికి జరిపేకొద్దీ అంతులేకుండా వస్తూనే ఉండే స్క్రోల్‌ను 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ తర్వాత దాని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. పేజీ అయిపోతే మనిషి ఆగి ఆలోచిస్తాడు. అది అయిపోకుండా చేశారు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధిస్తే, మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇక్కడ దిగింది. మన చూపు అంత విలువైన సరుకు మరి! కాలిఫోర్నియా యూనివర్సిటీలో గ్లోరియా మార్క్ ఏళ్ల తరబడి కొలిచిన లెక్క చూడండి. 2004లో మనుషులు ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవారు, ఇటీవలి కొలతల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. వేల మంది ఇంజనీర్లు రాత్రీపగలూ పనిచేసి తయారుచేసినదాన్ని పదహారేళ్ల పిల్ల ఒంటరిగా నిగ్రహంతో ఎదుర్కోవాలనడం న్యాయం కాదు.

టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. పరీక్ష రాసేటప్పుడు ఫోన్‌ను వేరే గదిలో పెట్టినవాళ్లు, బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే బాగా రాశారు. తర్వాత కొందరు చేసిన ప్రయోగాల్లో అదే ఫలితం రాలేదు కాబట్టి దీన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. అయినా చదువుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఉంచడం ఖర్చులేని పని, చేసి చూడొచ్చు. కానీ హోంవర్క్ ఆ ఫోన్‌లోనే ఉంటే?

అసలు ఫోన్ ఎలా పనిచేయాలో మన పొలాల్లోనే ఒక మంచి నమూనా ఉంది. మోటారుకు పెట్టే మొబైల్ స్టార్టర్. ఇంటి దగ్గర నుంచి ఆ నంబర్‌కు కాల్ చేస్తే మోటారు తిరుగుతుంది. దీనికి కీప్యాడ్ ఫోన్ చాలు. పని అయింది, ఫోన్ జేబులోకి వెళ్లింది. రైతును అర్ధరాత్రి పొలానికి వెళ్లే బాధ నుంచి తప్పించింది, బదులుగా అతని చూపును అడగలేదు. ఏరేటర్ ఆగినా, కరెంటు పోయినా అలాగే కాల్ రావాలి. పది గ్రూపుల మెసేజ్‌ల మధ్య వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.

వాట్సాప్ వల్ల మేలు లేదనడం లేదు. ఏజెంట్ చెప్పిందే రేటు అనే రోజుల నుంచి రైతును అది కొంత బయటపడేసింది. అయితే ఆ రోజు రేటు రోజుకొక ఎస్సెమ్మెస్‌లో వస్తే సరిపోతుంది. దానికోసం గుడ్ మార్నింగ్ బొమ్మలు, పార్టీల తగాదాలు, ఫార్వర్డ్ వీడియోలు దాటుకుంటూ వెళ్లాల్సిన పని లేదు.

ఇక్కడ బాధ్యత పంపేవాళ్లది. ఆ మధ్య మన రాష్ట్రంలో ప్రభుత్వ టీచర్లు బడి మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాప్‌లో పెట్టాల్సి వచ్చింది. పాఠం చెప్పాల్సిన మనిషి చేతికి ఫోన్ ఇచ్చి, నెట్ పనిచేయకపోతే టెన్షన్ కూడా మనమే పెట్టి, పిల్లలకు మాత్రం ఫోన్ వద్దని ఆ టీచర్ చేతే చెప్పించాం. ప్రైవేటు కాలేజీల్లోనూ ఎక్కువచోట్ల రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో పీడీఎఫ్ పడుతుంది. పగలు క్లాసులో బోర్డు మీద రాయడానికి ఐదు నిమిషాలు పట్టే విషయం అది.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులు మార్కుల కంటే ముందు ఈ విషయం అడగాలని నా కోరిక. హోంవర్క్ డైరీలో రాయించండి, నోట్స్ కాగితం మీద ఇవ్వండి, అర్జంటైతే ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో ఏదైనా పెట్టాలంటే సాయంత్రం ఆరులోపే పెట్టండి. ఒక్కరు అడిగితే పట్టించుకోరు. ఒకే సెక్షన్ నుంచి పాతికమంది అడిగితే ఏ ప్రిన్సిపాలైనా వినక తప్పదు, ఫీజులు కట్టేది వాళ్లే కదా.