గడ్డి కాల్చేది ఏప్రిల్‌లో, వెతుక్కునేది మేలో

యాసంగి కోతలు మొదలైతే తెలంగాణలో, దాళ్వా కోతలప్పుడు గోదావరి జిల్లాల్లో, పొద్దు వాలేసరికి పొలాల మీద పొగ లేవడం ఏటా చూస్తున్నదే. నెల తిరక్కముందే అవే ఊళ్లలో పాడి రైతులు ట్రాక్టర్ గడ్డి కోసం పక్క మండలాలకు ఫోన్లు చేస్తుంటారు. ఒక్కోసారి కాల్చినవారి ఇల్లు, గడ్డి దొరక్క తిరుగుతున్నవారి ఇల్లు ఒకే వీధిలో ఉంటాయి. వేసవిలో పశువులు పడే బాధనంతా ఎండ మీదికి తోసేస్తున్నాం కానీ, అందులో చాలా భాగం కోతల సమయంలో మనం చేతులారా తెచ్చుకుంటున్నదే. పంట ఒకచోట, పశువు ఒకచోట అన్నట్టు ఆలోచించినంత కాలం ఇది ఆగదు.

చిన్న లెక్క చూద్దాం. ఎకరాకు పాతిక క్వింటాళ్ల వడ్లు పండితే, గడ్డి కూడా కాస్త అటూఇటూగా అంతే బరువు ఉంటుంది. హార్వెస్టర్ మోకాలి కింద దాకా కొయ్యలు వదిలేస్తుంది, కొంత నలిగి దుమ్మవుతుంది. సగమే చేతికొచ్చిందనుకున్నా పన్నెండు క్వింటాళ్లు. పచ్చిమేత, దాణా కొంత దొరికే గేదెకు రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి వేస్తే మూడు నెలలకు ఆరు క్వింటాళ్లు సరిపోతుంది. అంటే ఒక్క ఎకరం గడ్డి రెండు గేదెలను వేసవి దాటిస్తుంది. దాన్ని ఒక్క సాయంత్రంలో కాల్చేస్తున్నాం.

రైతుకు తెలియక కాలుస్తున్నాడని అధికారులు అంటుంటారు. నేను ఒప్పుకోను. కొడవలితో కోసి, కళ్లంలో నూర్చిన రోజుల్లో గడ్డి దానంతటదే వాములోకి చేరేది. ఇప్పుడు కూలీలు దొరకరు, మిషన్ గంటల లెక్కన వచ్చి వెళ్లిపోతుంది, గడ్డి పొలంలోనే వరుసలుగా పడి ఉంటుంది. ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చిన ఇంట్లో ఆ గడ్డితో పనేముంది? కౌలు రైతైతే వచ్చే ఏడు ఆ పొలం తనకు ఉంటుందో లేదో తెలియదు. గడ్డి చుట్టే మిషన్ పిలిపిస్తే కట్టకింత అని జేబులోంచి పెట్టుకోవాలి. అటు రెండు గేదెలు కట్టుకుని పాల డబ్బులతో ఇల్లు నడిపే ఆడవాళ్లలో చాలామందికి గుంట పొలం ఉండదు. గడ్డి ఉన్నవారికి పశువు లేదు, పశువు ఉన్నవారికి గడ్డి లేదు. అసలు సమస్య ఇది. జరిమానాలు వేస్తామని బెదిరిస్తే ఇది తీరదు.

పంజాబ్ రైతులతో పోల్చి మాట్లాడేవారు ఒక తేడా గమనించాలి. అక్కడ వరి కోసిన రెండు మూడు వారాల్లోనే గోధుమ వేయాలి, ఆ తొందర నిజమైనది. మన దగ్గర యాసంగి కోత ఏప్రిల్, మేలలో అయిపోతే, మళ్లీ నాటు పడేది జూన్ చివర్లోనో జూలైలోనో. నెలన్నర పైగా పొలం ఖాళీగానే ఉంటుంది. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య ఇరుకు ఉందంటే అర్థం చేసుకోవచ్చు. వేసవిలో మాత్రం నిప్పు పెట్టాల్సినంత తొందర ఎక్కడా లేదు. దమ్ములో, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడు, గడ్డి చుట్టుకుంటుందన్న భయమే ఎక్కువ. పశువులకు పోను మిగిలిన దాన్ని ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తొలకరి తడికి కలియదున్నితే నాటు నాటికి మురిగిపోతుంది. తడి ఉన్నచోట పచ్చిరొట్ట ఎరువుగా జీలుగో జనుమో చల్లుకుంటే ఇంకా మేలు. టన్ను వరిగడ్డిలో ఐదారు కిలోల నత్రజని ఉంటుంది. కాలిస్తే అది దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది, మళ్లీ జూలైలో యూరియా కోసం క్యూలో నిలబడతాం. గట్ల మీది తాటిచెట్లు, ఈతచెట్లు మాడిపోయి గీత కార్మికుల నోటి దగ్గరి కూడు పోవడం వేరే సంగతి, దాని గురించి అడిగేవారే లేరు.

గొర్రెల మందల సంగతీ ఇదే. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువ ఉన్నది తెలంగాణలో, దాదాపు 1.9 కోట్లు. తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. పాలమూరు వైపు గొల్ల, కురుమలు ఎండలు ముదిరేసరికి మందలు తోలుకుని ఆయకట్టు ఊళ్లకు కదులుతారు. కోసిన మడిలో గొర్రె రాలిన గింజలు ఏరుకుంటుంది, కొయ్యల మొదళ్లలో వచ్చిన పచ్చి పిలకలు కొరుకుతుంది. రాత్రికి మంద అదే మడిలో పడుకుంటే ఎరువు, మూత్రం నేలకు అందుతాయి. ఒకప్పుడు మంద ఆపించుకోవడానికి రైతులే కాపరులకు బియ్యమో డబ్బులో ఇచ్చేవారు. ఇప్పుడు వాళ్లు వచ్చేసరికి మడి నల్లగా మాడి ఉంటుంది. మంద ముందుకు పోవాల్సిందే, ఎటు పోతుంది?

మేత లేని చోట పశువు దొరికింది తింటుంది. ఈ కాలంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది జొన్న నాము. కోసిన జొన్న చేలో వచ్చిన పిలకల్లో, నీళ్లు లేక వాడిన లేత జొన్నలో సైనైడ్ విషం పేరుకుంటుంది. ఆకలి మీదున్న గేదె కట్టు తెంపుకుని ఆ చేలో పడితే గంట కూడా పట్టదు: నోట నురగ, ఆయాసం, తూలి పడిపోవడం. సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ వెంటనే పడితే బతకొచ్చు, అందుకే పశువుల అంబులెన్స్ నంబర్ 1962ను కొట్టం గోడ మీద రాసి పెట్టుకోవాలి. జొన్నను మేతకు వేసినవారు సగం పూత వచ్చాకే, అదీ కోసే ముందు ఒక తడి ఇచ్చాకే కోయాలి. నాము తిని చనిపోయిన పశువుల వార్త జిల్లా పేజీలో ఏటా కనిపిస్తుంది. ఆ పశువు ఆ చేలోకి ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ రాయరు.

ఇక గడ్డి చేతికొచ్చినవారు దాన్ని వాడుకునే తీరు. వరిగడ్డి పొట్ట నింపుతుంది, బలం తక్కువ. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టా కప్పి మూడు వారాలు మాగబెడితే మాంసకృత్తులు పెరుగుతాయి, పశువూ ఇష్టంగా తింటుంది. పట్టా తీశాక కాసేపు ఆరబెట్టి, ఘాటు పోయాక కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయకూడదు. యూరియా కొలత దాటితే ప్రమాదం, కంటి అంచనాతో చేసే పని కాదు. ఏప్రిల్ జల్లులకు తడిసి బూజు పట్టిన గడ్డి మాత్రం ఏం చేసినా పనికిరాదు. అందుకే వాము కింద ఎత్తు ఉండాలి, పైన కరెంటు తీగలు ఉండకూడదు.

ఎండుగడ్డి అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కనుక దాన్ని రాత్రి వేసి, పచ్చిమేత పొద్దున, సాయంత్రం వేయడం మంచిది. గేదెది నల్ల చర్మం, చెమట గ్రంథులు ఆవు కంటే తక్కువ. చెరువులో బురద లేకపోతే రోజుకు రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు పోయాల్సిందే. లేకపోతే పాలు తగ్గడంతో పోదు. వేసవిలో గేదెలకు మూగ ఎద వస్తుంది, అరవదు, రైతు కనిపెట్టలేడు, చూడి కట్టడం నెలల తరబడి వెనక్కి పోతుంది. ఆ నష్టం పాల చీటీలో వెంటనే కనపడదు, ఏడాది తర్వాత తెలుస్తుంది. నీటి తొట్ల విషయానికొస్తే, ఉపాధి హామీ కింద ఆంధ్రప్రదేశ్‌లో 2025లో కట్టించిన తొట్లు మంచి పని. ఐతే వాటిని రోజూ నింపే బాధ్యత ఒక మనిషికి అప్పగించకపోతే మే నాటికి ఎండుటాకులే మిగులుతాయి.

వ్యవసాయ శాఖ వాళ్లు గడ్డి కలియదున్నమంటారు, పశుసంవర్ధక శాఖ వాళ్లు గడ్డి దాచుకోమంటారు. రెండూ సరైనవే, కానీ ఒకరు పొలం ఉన్న రైతుతో, ఇంకొకరు గేదె ఉన్న రైతుతో మాట్లాడుతున్నారు. వీళ్లిద్దరినీ కలిపే చోటు ఊళ్లో ఇప్పటికే ఉంది. తెలంగాణలో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో ప్రతి రైతు పేరు, పంట వివరాలు రాసుకుంటారు. ఆ రిజిస్టర్‌లో "ఎప్పుడు కోస్తారు, గడ్డి ఉంచుకుంటారా, ఇస్తారా" అని ఒక గడి పెడితే చాలు. ఆ సంఘాల్లోనే గేదెల లోన్లు తీసుకున్న ఆడవాళ్లూ ఉన్నారు. సబ్సిడీ మీద ఇచ్చే గడ్డి కట్టల మిషన్‌ను ఒక ఆసామికి కాకుండా సంఘానికి ఇచ్చి, హార్వెస్టర్ వెళ్లిన రెండు మూడు రోజుల్లో ఆ మడికి పంపాలి. కట్టల ఖర్చు పాల కేంద్రం ముందుగా భరించి పాల బిల్లులో వాయిదాలుగా కోసుకోవచ్చు. పొలం రైతుకు చేను ఖాళీ అవుతుంది, పైగా కట్టకు ఎంతో కొంత చేతికొస్తుంది. కలెక్టర్లు వేసవి సమీక్షలు ఏప్రిల్ ఆఖరులో తాగునీటి ట్యాంకర్లతో మొదలుపెడుతుంటారు. గడ్డి మీద సమీక్ష మార్చి మొదటి వారంలో, రెండు శాఖల వాళ్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి జరగాలి. మొదటి మడి కోసేసరికి ఆ జాబితా సంఘం చేతిలో ఉంటేనే మిషన్ ఎటు పోవాలో తేలుతుంది.